ఇంటి దగ్గర కుట్టుపని: శిక్షణ, కూలి లెక్క, కాగితాలు

కుట్టు మిషన్ల పంపిణీ ఫొటోలు మనకు కొత్త కాదు. వరుసగా మిషన్లు, వెనక బ్యానర్, ముందు బురఖాల్లో నిలబడ్డ ఆడవాళ్లు. ఆ ఫొటో తీసిన ఏడాదికి ఆ మిషన్లు ఏమయ్యాయన్నది మాత్రం వార్త కాదు. కొన్ని ఇల్లు నడుపుతుంటాయి. కొన్ని మూలన కూర్చుని ఉతికిన బట్టలు మోస్తుంటాయి. ఇంకొన్ని రోజంతా తిరుగుతూనే ఉంటాయి, కానీ తొక్కే మనిషి చేతిలో నెలాఖరుకు ఏమీ మిగలదు. ఈ మూడో రకం ఇళ్లే ఎక్కువ ఆలోచించాల్సినవి. పని వచ్చు, పని ఉంది, కూలి కూడా వస్తోంది. అయినా ఆమె దగ్గర డబ్బు లేదు. ఎందుకంటే శిక్షణలో కత్తిరింపు నేర్పారు, కుట్టు నేర్పారు, లెక్క నేర్పలేదు.

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదికలో ఒక అంకె ఉంది. పనిచేసే ముస్లిం మహిళల్లో దాదాపు 70 శాతం మంది తమ ఇంట్లో ఉండే పని చేస్తున్నారు. అన్ని వర్గాల మహిళల్నీ కలిపి చూస్తే అది 51 శాతం. బట్టల కుట్టు, మగ్గం వర్క్, బీడీలు, అగరుబత్తీలు, గాజులకు రాళ్లు అంటించడం... మన బస్తీల్లో తలుపు వెనక జరిగే పనులన్నీ ఇందులోకే వస్తాయి. ఈ వ్యాసం కుట్టుపని చుట్టూనే రాస్తున్నాం. మిగతా పనులకూ లెక్క చాలావరకు ఇదే.

ఏ కోర్సు, ఎక్కడ

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. శిక్షణ కేంద్రాల బోర్డుల మీద కుట్టుకు సంబంధించి రెండు పేర్లు ఎక్కువ కనిపిస్తాయి. ఒకటి సూయింగ్ మెషీన్ ఆపరేటర్, రెండోది సెల్ఫ్ ఎంప్లాయిడ్ టైలర్. రెండూ ఒకటే అనుకుని ఏదో ఒకదాంట్లో చేరిపోయేవాళ్లు ఉన్నారు. మొదటిది గార్మెంట్ ఫ్యాక్టరీ కోసం. అక్కడ ఒకరు కాలర్ మాత్రమే వేస్తారు, ఇంకొకరు చేతులు మాత్రమే అతికిస్తారు. అచ్యుతాపురం బ్రాండిక్స్ లాంటి చోట పనికి వెళ్లే అవకాశం, ఇంట్లో ఒప్పుదల ఉన్న అమ్మాయికి అది మంచి దారే. ఇంటి దగ్గర ఉండి బ్లౌజులు, సల్వార్లు కుట్టాలనుకునే మనిషికి అది పనికిరాదు. కొలత తీయడం దగ్గర్నుంచి ఫినిషింగ్ దాకా మొత్తం వస్త్రం కుట్టడం రెండో కోర్సులో ఉంటుంది. చేరే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: మాకు కటింగ్ కూడా నేర్పుతారా, కుట్టు ఒక్కటేనా? కటింగ్ రాని దర్జీ ఎప్పుడూ ఇంకొకరు కత్తిరించి ఇచ్చిన మూట కోసం ఎదురుచూడాల్సిందే.

హైదరాబాద్ వాళ్లకు సెట్విన్ పేరు తెలుసు. మినీ బస్సులు నడిపిన సంస్థగానే చాలామందికి గుర్తు గానీ, 1978లో పెట్టినప్పటి నుంచీ దాని పనిలో శిక్షణ ఒక పెద్ద భాగం. జంటనగరాల్లో, పాతబస్తీ సహా, దాని కేంద్రాలు ఉన్నాయి. జిల్లాల్లో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి, ఆర్‌సెటీ అంటారు. పల్లెల వాళ్ల కోసం పెట్టినవి. శిక్షణ ఉచితం, తిండీ వసతీ వాళ్లే చూస్తారు. వీటిలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. కోర్సు అయిపోయాక రెండేళ్ల పాటు పని మొదలైందా లేదా, బ్యాంకు దగ్గర ఎక్కడ ఆగింది అని వెంట ఉండి చూడటం వాళ్ల బాధ్యతల్లోనే ఉంది. చదువు అసలు లేనివాళ్లకు, మధ్యలో ఆపేసినవాళ్లకు జన శిక్షణ సంస్థాన్‌లు మేలు. సర్టిఫికెట్లు అడిగి వెనక్కి పంపే పద్ధతి అక్కడ లేదు. ఐటీఐలో సూయింగ్ టెక్నాలజీ ఏడాది కోర్సు. సమయం ఉన్న అమ్మాయికి అన్నింటికంటే గట్టి పునాది అదే.

మైనారిటీల కోసం కేంద్రం విడిగా నడిపిన సీఖో ఔర్ కమావో, ఉస్తాద్, నయీ మంజిల్, నయీ రోష్నీ పథకాల పేర్లు ఇంకా కరపత్రాల మీద కనిపిస్తుంటాయి. వాటన్నింటినీ కలిపి ఇప్పుడు పీఎం వికాస్ అనే ఒకే పథకం చేశారు. పాత పేరు చెప్పి ఎవరైనా ఫారం అమ్మితే కొనకండి.

మగ్గం వర్క్ గురించి ఒక్క మాట. ఆరీ సూది పట్టడం నెలల్లో వస్తుంది, చెయ్యి తిరగడానికి ఏళ్లు పడుతుంది. మూడు నెలల కోర్సు చేసి పెళ్లి బ్లౌజుల ధరలు ఊహించుకుంటే నిరాశే. పైగా అది సీజన్ పని. రంజాన్ ముందు, శ్రావణ మాసంలో, పెళ్లి ముహూర్తాల్లో చేతినిండా ఉంటుంది, మిగతా రోజుల్లో అడ్డా ఖాళీగా ఉంటుంది. దాంతోపాటు ఫాల్, పీకో, ఆల్టరేషన్ లాంటి రోజువారీ పని కూడా చేతిలో ఉంటే ఇల్లు ఆగదు.

గంటకు ఎంత?

బీకాం చదివిన అలవాటు కొద్దీ నేను ఎవరితో మాట్లాడినా ఈ ప్రశ్న అడుగుతాను. పీసుకు ఎంతో అందరూ చెప్తారు. గంటకు ఎంతో చెప్పగలిగినవాళ్లు చాలా తక్కువ. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి, మీ రేట్లు పెట్టి మీరు మళ్లీ వేసుకోండి.

కాంట్రాక్టర్ కత్తిరించిన మాక్సీలు ఇస్తాడు, కుట్టినందుకు ఒక్కోదానికి 25 రూపాయలు. ఒకటి కుట్టడానికి 40 నిమిషాలు. అంటే గంటకు 37 రూపాయల 50 పైసలు, 8 గంటలకు 300. పైకి చూస్తే బాగానే ఉంది.

ఇప్పుడు ఖర్చు చూడండి. దారం, సూదులు, కరెంటు కలిపి పీసుకు 2 రూపాయలు. మిషన్ ధర 12,000 అనుకుందాం. అయిదేళ్లు నడుస్తుందనుకుంటే నెలకు 200 రూపాయలు అరిగిపోతున్నట్టు. దీన్నే తరుగుదల అంటాం. నెలకు 200 పీసులు కుడితే పీసుకు 1 రూపాయి. మిషన్ ఉచితంగా వచ్చినా ఈ రూపాయి లెక్కలోకి రావాల్సిందే, అయిదేళ్ల తర్వాత మళ్లీ ఎవరూ ఇవ్వరు కాబట్టి. 40 పీసుల మూట తెచ్చి ఇవ్వడానికి ఆటోకి 80 రూపాయలైతే పీసుకు 2. మొత్తం 5 పోతే మిగిలింది 20. టైము కూడా 40 నిమిషాలే కాదు. దారం కొసలు కత్తిరించాలి, మడతపెట్టాలి, తప్పు వస్తే విప్పి కుట్టాలి, మూట కోసం వెళ్లి నిలబడాలి. పీసుకు ఇంకో 10 నిమిషాలు వేసుకోండి. 50 నిమిషాలకు 20 రూపాయలు. గంటకు 24. రోజంతా 8 గంటలు కూర్చుంటే 192.

300కూ 192కూ మధ్య ఉన్న ఆ 108 రూపాయలే కనిపించకుండా పోయే డబ్బు. రేటు పెంచమని అడిగేటప్పుడు ‘గిట్టుబాటు కావట్లేదు భాయ్’ అంటే ఆయన వినడు. ఆటో ఖర్చు మీరు పెట్టుకోండి, లేదా మూట ఇంటికి పంపండి అని అడిగితే కనీసం బేరం మొదలవుతుంది. నలుగురు కలిసి ఒకే ఆటోలో మూటలు తెచ్చుకున్నా ఆ 2 రూపాయలు 50 పైసలకు దిగుతాయి. ఇవి చిన్న మాటలే. కానీ ఇవి అంకె తెలిస్తేనే తడతాయి.

సొంత కస్టమర్లకు కుట్టేవాళ్లకు ఈ లెక్క ఇంకో రూపంలో వస్తుంది. పక్కింటి ఆంటీ, ఖాలా కూతురు, మేనత్త కోడలు, ఎవరి దగ్గరా డబ్బు గట్టిగా అడగలేం. ‘ఇంట్లో పిల్లే కదా’ అని వాళ్లూ సగమే ఇస్తారు. గోడ మీద రేట్ల కాగితం ఒకటి అంటించండి. నోటితో అడగలేనిది కాగితం అడుగుతుంది.

కాంట్రాక్టర్ పని చేసేవాళ్లకు ఒక 200 పేజీల నోట్‌బుక్ చాలు. తేదీ, ఎన్ని పీసులు వచ్చాయి, రేటు ఎంత, ఎన్ని తిరిగి ఇచ్చారు, ఎంత డబ్బు ముట్టింది, ఎంత బాకీ. సంతకం పెట్టమంటే చాలామంది పెట్టరు. అప్పుడు మూట తెచ్చుకున్న రోజే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి: ‘భాయ్, ఈరోజు 40 మాక్సీలు ముట్టాయి, ఒక్కోటి 25.’ జవాబుగా ఆయన బొటనవేలు బొమ్మ పెట్టినా అది మీ దగ్గర ఆధారమే. రాయడం రాకపోతే వాయిస్ మెసేజ్ పెట్టండి.

పని కనిపించకపోతే కూలీ కనిపించదు

జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1970ల చివర్లో పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే ఆడవాళ్ల గురించి అధ్యయనం చేశారు. ఆ పుస్తకం 1982లో వచ్చింది. ఆ మహిళలు ముస్లింలు కాదు. అయినా వాళ్ల కథ చదివితే మన బస్తీ కథలాగే ఉంటుంది. వాళ్లు అల్లిన లేసు విదేశాలకు వెళ్లేది. ఎగుమతి వ్యాపారులు పైకొచ్చారు. అల్లిన ఆడవాళ్లను మాత్రం ఎవరూ కార్మికులు అనలేదు. ఇంట్లో కూర్చుని ఖాళీ టైములో ఏదో అల్లుకుంటున్న గృహిణులు అన్నారు. ఘోషా పాటించే ఇళ్ల ఆడవాళ్లు బయట పనికి వెళ్లకపోవడం గౌరవం అనుకున్నారు, ఆ గౌరవమే తక్కువ కూలికి సాకు అయ్యింది. ‘ఖాళీ టైము’ అన్న మాట దగ్గరే మోసం ఉంది. రోజుకు ఆరేడు గంటలు చేసేది ఖాళీ టైము పని ఎలా అవుతుంది?

ఇప్పుడు నిజామాబాద్, జగిత్యాల వైపు చూడండి. బీడీలు చుట్టేదీ ఇంట్లో ఉండే ఆడవాళ్లే. పని ఆరోగ్యానికి మంచిది కాదు, కూలి కూడా గొప్పదేం కాదు. కానీ వాళ్లలో చాలామందికి గుర్తింపు కార్డు ఉంది, పీఎఫ్ ఖాతా ఉంది, తెలంగాణలో ఆసరా పింఛన్ల జాబితాలో బీడీ కార్మికులూ ఉన్నారు. ఎందుకంటే 1966లోనే బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్లను కూడా కార్మికులుగా గుర్తించింది. ఇంటి దగ్గర చుట్టేవాళ్లకూ పీఎఫ్ వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. పక్కపక్క ఇళ్లలో ఒకామె బీడీలు చుడుతుంది, ఒకామె నైటీలు కుడుతుంది. ముసలితనంలో ఒకామెకు పాస్‌బుక్ ఉంటుంది, ఇంకొకామెకు నడుం నొప్పి ఒక్కటే మిగులుతుంది.

కుట్టుపనికి చట్టంలో అసలు దారే లేదనుకోవద్దు. తెలంగాణ ప్రాంతంలోని సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసులో 1973లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. పీసుకు ఇంత అని కూలి తీసుకునే దర్జీలు, కొన్నిసార్లు బట్ట ఇంటికి తీసుకెళ్లి కుట్టేవాళ్లు కూడా, దుకాణాల చట్టం కింద ఆ షాపు ఉద్యోగులే అని కోర్టు తేల్చింది. కుట్టింది బాగాలేదని తిప్పి పంపే అధికారం యజమానికి ఉందంటే, పని మీద అదుపు ఆయనదే అన్నట్టు. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో కూడా సరుకు తీసుకెళ్లి ఇంటి దగ్గర తయారుచేసి ఇచ్చే మనిషి ఉద్యోగి నిర్వచనంలోకి వచ్చేది. కనీస వేతనాల చట్టం లాంటి పాత కేంద్ర చట్టాల చోట లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలో సామాజిక భద్రత కోడ్ ఇంటి దగ్గర పనిచేసే కార్మికులను విడిగా పేర్కొంది. కోడ్‌లో పేరు ఉన్నంత మాత్రాన రేపే పింఛను రాదు. కానీ పేరు ఎక్కాలంటే మీరు కార్మికురాలు అని ఏదో ఒక కాగితం చెప్పాలి.

అహ్మదాబాద్‌లో ఎలా భట్ 1972లో సేవా సంఘం పెట్టినప్పుడు ఇదే మొదటి చిక్కు. యజమాని ఎవరో చెప్పలేని ఆడవాళ్లకు యూనియన్ ఏమిటని రిజిస్ట్రార్ ఆఫీసులో అభ్యంతరం పెట్టారు. తర్వాత ఆ సంఘంలో చేరినవాళ్లలో మిల్లు పేలికలతో బొంత గలీబులు కుట్టే దరియాపూర్ ముస్లిం మహిళలు ఉన్నారు. రేటు పెంచమని అడిగితే వ్యాపారులు పని ఆపేశారు. వాళ్లు వెనక్కి తగ్గకుండా సబీనా పేరుతో సొంత సహకార సంఘం పెట్టుకుని, పేలికలు నేరుగా కొని కుట్టి అమ్మారు. ఒక్కరే అడిగితే పని పోతుంది. అందుకే అడిగేది నలుగురు కలిసి అడగాలి.

మీ పేరు మీద ఉండాల్సిన కాగితాలు

ఈ-శ్రమ్ కార్డుతో మొదలుపెట్టండి. 16 నుంచి 59 ఏళ్ల లోపు, పీఎఫ్, ఈఎస్ఐ లేని అసంఘటిత కార్మికులకు ఇస్తారు. కార్డు చేయించేటప్పుడు మీసేవాలోనో సీఎస్‌సీలోనో కూర్చున్న అబ్బాయి వృత్తి అన్న గడిలో ఏం పెడుతున్నాడో చూడండి. అడగకుండానే గృహిణి అని కొట్టేస్తే ఆపి, టైలర్ అని పెట్టించండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చిన్న వ్యాపారానికి పుట్టిన సర్టిఫికెట్ లాంటిది. 2020 జులై నుంచి ఉంది, పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే నకిలీ వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, జాగ్రత్త. జీఎస్టీ నంబరు లేని చిన్న పనులవాళ్లకు 2023 నుంచి ఉద్యమ్ అసిస్ట్ అని బ్యాంకుల ద్వారా కూడా ఇస్తున్నారు. జీఎస్టీ అనగానే భయపడక్కర్లేదు. కుట్టుకూలి లాంటి సేవకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే ఆ ప్రశ్న వస్తుంది.

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి, దర్జీ పని వాటిలో ఒకటి. అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల స్టైపెండ్, పనిముట్లకు 15,000 రూపాయల ఈ-వోచర్. ఇందులో రెండు మెలికలు గమనించాలి. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు ఒక కుటుంబం కింద లెక్క. ఇంట్లో కుట్టేది భార్య అయితే దరఖాస్తు కూడా ఆమె పేరు మీదే పడాలి, ‘ఎవరి పేరైతే ఏంటి’ అని సర్దుకుంటే తర్వాత దారి మూసుకుపోతుంది. రెండోది, వోచర్ వచ్చేది ఫోన్ నంబరుకు. ఆధార్‌కు లింకైన నంబరు మరిదిదో, అన్నదో అయితే వోచర్ వచ్చిన సంగతి ఆమెకు తెలిసేది ఎప్పుడో. ఆమె సిమ్ ఆమె చేతిలో ఉండాలి.

ఇదే పథకంలో మొదట లక్ష వరకు, అది తీర్చాక 2 లక్షల వరకు 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తారు. వడ్డీ వద్దనుకునే కుటుంబాలు దీన్ని చూసి మొత్తం పథకాన్నే వదిలేస్తున్నాయి. అవసరం లేదు. అప్పు ఇష్టం ఉన్నవాళ్లకే, శిక్షణా టూల్‌కిట్టూ అది లేకుండా తీసుకోవచ్చు. పొదుపు సంఘాల్లో ‘వడ్డీ లేని రుణం’ అన్నప్పుడు మాత్రం బ్యాంకు వడ్డీ వేస్తుంది, దాన్ని ప్రభుత్వం కడుతుంది. ఇది సరేనా కాదా అన్నది మీకు నమ్మకమున్న ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవాల్సిన సంగతి. పాట లేకుండా డ్రా తీసే చిట్టీ పది మంది ఆడవాళ్లు వేసుకుంటే ఓవర్‌లాక్ మిషన్ ఒకరి తర్వాత ఒకరికి వస్తుంది. మన ఇళ్లలో పెళ్లిళ్లకు, గిన్నెలకు ఇలాగే వేసుకుంటున్నాం కదా.

డబ్బు ఎవరిది

ఈ ప్రశ్నకు మన దగ్గర జవాబు ఎప్పుడో ఉంది. భార్య సంపాదన భార్యది. ఆమె సంపాదిస్తోంది కదా అని భర్త మీద ఉన్న పోషణ బాధ్యత తీరిపోదు. ఇంటి ఖర్చుకు ఆమె ఇస్తే అది ఆమె మంచితనం. జల్సాల్లో హజ్రత్ ఖదీజా (రజి) వ్యాపారం గురించి చెప్పని వక్త ఉండడు, కోడలి పాస్‌బుక్ ఎవరి బీరువాలో ఉందో అడిగే వక్త మాత్రం నాకింకా తారసపడలేదు.

కూలి డబ్బు చేతికి నగదుగా వస్తే సాయంత్రానికి ఇంట్లో కరిగిపోతుంది. ఆమె ఖాతాకు యూపీఐ ద్వారా వేయమని కాంట్రాక్టర్‌కు చెప్తే రెండు పనులవుతాయి. డబ్బు ఆమె దగ్గర నిలబడుతుంది. ఆరు నెలల తర్వాత బ్యాంకు స్టేట్‌మెంటే ఆమె ఆదాయానికి రుజువు అవుతుంది. కాంట్రాక్టర్ ఇంత ఇచ్చాడని రుజువు చేయడానికి కూడా అదే.

దరఖాస్తులు పెట్టే ముందు ఒక పని పూర్తి చేసుకోండి. ఆధార్‌లో బేగం, బ్యాంకులో బీ, రేషన్ కార్డులో రెండూ లేకుండా ఉత్త పేరు... మన ఆడవాళ్ల దరఖాస్తులు ఇక్కడే ఎక్కువగా ఇరుక్కుంటాయి. కాగితాలన్నీ ఒకచోట పరచి పేరు, స్పెల్లింగ్, పుట్టిన తేదీ సరిచూడండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి రెండుసార్లే అవకాశం ఉంటుంది. అందుకని టెన్త్ మెమో ఉన్నవాళ్లు అందులోని స్పెల్లింగ్‌నే ఆధారంగా పెట్టుకుని ముందు ఆధార్ సరిచేయించాలి, తర్వాత బ్యాంకు, ఆ తర్వాతే రేషన్ కార్డు, మిగతావి.